ఎత్తుకున్న పాట

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. గోడకి ఆనుకుని నిద్రపోయేవాళ్లు కూడా. సంచులు పక్కన పెట్టి బాసింపట్టు వేసుకుని కూర్చోండి. వెనకాల గుసగుసలాడే ఇద్దరూ ముందుకి రండి, మీకోసమే చెబుతున్నాను. ఎక్కాలు రేపు చూసుకుందాం, అవి ఎక్కడికీ పారిపోవు. ఇవాళ ఒక బరువు సంగతి చెబుతాను.

ఒక ఊళ్లో వీధి మలుపులో ఒక వాయిద్యాల కొట్టు ఉండేది. ముందుగదిలో గిటార్లు మేకులకి వేలాడుతుండేవి. వెనకగదిలో కీబోర్డులు బల్లల మీద వరసగా ఉండేవి. ఇంకా లోపలికి వెళితే మూడు నాలుగు పియానోలు దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నట్టు ఉండేవి. కొత్తవీ ఉండేవి, ఎవరో వాడి అమ్మేసినవీ ఉండేవి. కొనడానికి వచ్చేవాళ్లు పెద్ద పెద్ద విద్వాంసులేం కాదు. పనులన్నీ అయ్యాక ఇంట్లో కూర్చుని సరదాగా వాయించుకునేవాళ్లు. వాళ్లకి ఏది మంచిదో ఎంచిపెట్టడానికి ఆ కొట్టులో ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని తూకం మామయ్య అనేవాళ్లు.

పేరు విని ఆయనది బియ్యం కొట్టనుకునేరు. కాదు. ఏ వాయిద్యం ముందుకి వచ్చినా ఆయన దాన్ని ముందు వాయించడు, ముందు ఎత్తుతాడు. గిటారయితే ఒంటిచేత్తో, కీబోర్డయితే రెండు చేతులా, పియానో అయితే ఒక మూల కింద చెయ్యి పెట్టి. ఎత్తిన తర్వాతే వినడం.

ఎందుకంటారా? మనం ఏమంటాం? ఎవరైనా పాట మొదలుపెడితే 'పాట ఎత్తుకున్నారు' అంటాం కదా. మనకది మాటవరసకి. ఆ ఊళ్లో అది నిజం. పాట ఎత్తుకుని సగంలో వదిలేస్తే, దించినవాళ్లు లేరు గనక, ఆ బరువు వాయిద్యం మీదే ఉండిపోయేది. ఒక్కో పాట ఇంచుమించు ఒక ఇటుకంత. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కూర్చుని చివరిదాకా వాయిస్తే దిగిపోయేది. వానలో గొడుగు తడిస్తే మనం ఎంత ఆశ్చర్యపోతామో, దీనికి వాళ్లూ అంతే ఆశ్చర్యపోయేవాళ్లు. పిల్లలు పాఠం మధ్యలో ఆటకి పరిగెడితే ఇంట్లోంచి కేక వినబడేది: "దించి వెళ్లవే! రేపు ఇల్లు మారితే విరిగేది మీ నాన్న నడుమే!"

ఒకసారి, కాలేజీ అయిపోయి నాలుగేళ్లయిన ఒక కుర్రాడు తన గిటారు అమ్మడానికి తోపుడుబండి మీద తెచ్చాడు. పక్కవీధి అమ్మాయి మీద నలభై పాటలు ఎత్తుకున్నాడట, ఒక్కదానికీ రెండో చరణం కుదరలేదు. తూకం మామయ్య దాన్ని కదపబోయి, కదలక, నడుం పట్టుకున్నాడు.

"నలభై పాటలకి ఇంత బరువుండదు బాబూ. ఆ అమ్మాయికి పెళ్లయిందా?"

"అయిపోయింది సార్. ఇద్దరు పిల్లలు కూడా."

"నువ్వు ఇంకా ఎదురుచూస్తున్నావన్నమాట."

కుర్రాడు తల వంచుకున్నాడు. ఆ ఊరి లెక్కలో ఇంకో మెలిక ఉంది మరి. మరిచిపోయిన పాట ఇటుకంతే ఉండిపోతుంది. దానికోసం ఎవరైనా ఎదురుచూస్తుంటే మాత్రం రోజురోజుకీ బరువెక్కుతుంది.

ఇంకోసారి పోస్టుమాను ఒకాయన, ఉద్యోగం అయిపోయి ఖాళీగా ఉన్నాడు, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎర్రగా తళతళలాడే గిటారు మీద ఆయన కన్ను పడింది. తూకం మామయ్య దాన్ని ఎత్తి, తర్వాత మెడ చివర కన్ను ఆనించి తుపాకీ గురి చూసినట్టు చూశాడు.

"రంగు బాగుంది. మెడ వంకర. తీగలు చూడండి, చెక్కకి ఎంత ఎత్తులో ఉన్నాయో. వాటిని నొక్కలేక వేళ్లు పుళ్లు పడతాయి. నెల తిరక్కుండా మంచం కిందకి తోసేస్తారు."

"మంచం కింద చోటు లేదు," అంది పోస్టుమాను భార్య. "ఆరేళ్ల కిందట కొన్న మాండొలిను ఉందక్కడ. దాన్ని జరిపి ఊడవలేక చస్తున్నాను."

మామయ్య నవ్వి, మూలనున్న వెలిసిపోయిన గిటారు ఒకటి దింపాడు. "ఇది పట్టుకోండి. నైలాను తీగలు, మీ వేళ్లకి మెత్తగా ఉంటాయి. ఒడిలో కుదురుగా ఉందా? తీగలు బిగించే ఈ బిరడాలు తిప్పండి, జారుతున్నాయా? లేదు. చెవికి బాగుంటే చాలదు పోస్టుమాన్ గారూ, ఒంటికి కుదరాలి. ఒంటికి కుదిరినదాన్నే మనిషి రోజూ చేతిలోకి తీసుకుంటాడు. రోజూ తీసుకున్నవాడే చివరిదాకా వాయిస్తాడు."

వెనక నుంచి కొట్టు యజమాని నెత్తి బాదుకున్నాడు. "ఆ ఎర్రదాన్ని నా మనవడి మనవడు కూడా ఇక్కడే చూస్తాడయ్యా!"

ముప్పై ఏళ్లలో ఒక్క వాయిద్యం గురించి కూడా అబద్ధమాడని మనిషి తూకం మామయ్య. అలాంటివాడు ఒకరోజు ఆడాడు. అదీ కట్టుకున్న భార్యతో. అదెలా జరిగిందో తెలియాలంటే మనం ఆయన ఇంటికి వెళ్లాలి.

వాళ్లది మేడమీది వాటా. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఇద్దరు పిల్లలతో ఉండేది. ఆవిడ కుట్టు వదిన. మేడమీద ముందుగదిలో కిటికీ పక్కన ఒక పియానో ఉండేది. కూతురు పుట్టిన ఏడాది తూకం మామయ్య తనకోసం తాను ఎంచుకున్న ఒకే ఒక్క వాయిద్యం అది. దానికి ముందు పదకొండు పియానోలు చూసి కాదన్నాడు. మూతలు తీసి లోపల తలదూర్చి, తీగల్ని కొట్టే చిన్న సుత్తుల మీద ఊలు అరిగిందా, చెక్క ఎక్కడైనా చిట్లిందా, తీగలు బిగించే మేకులు వదులయ్యాయా అని వేలితో తడిమి తడిమి చూశాడు. పన్నెండోది నచ్చింది.

కూతుర్ని చిటికె అని పిలిచేవాళ్లు. పుట్టినప్పుడు చిటికెన వేలంత ఉందట. పన్నెండేళ్లు వచ్చినా మనిషి పెద్దగా ఎదగలేదు, నోరు మాత్రం బాగా ఎదిగింది. ముక్కాలి పీట మీద రెండు దిండ్లు వేసుకుని పియానో ముందు కూర్చునేది. ఊళ్లోవాళ్ల పాటలన్నీ అయిపోయాయి, ఇక నా పాట నేనే కట్టుకుంటానంది.

"ఏం పాటే ఇది? పేరేమిటి?" అని తండ్రి అడిగాడు.

"అయ్యాక చెప్తా. సగం పుట్టిన పిల్లకి పేరు పెడతారా ఎవరైనా?"

పియానో మీద నొక్కే తెల్లనల్ల పలకల్ని మెట్లంటారు. ఆ పాటలో ఎడమచెయ్యి అడుగు మెట్ల మీద నెమ్మదిగా నడుస్తుండేది, కుడిచెయ్యి పైమెట్ల మీద పరిగెత్తి, వెనక్కి వచ్చి, మళ్లీ పరిగెత్తేది. తండ్రి నడుస్తుంటే ముందుకీ వెనక్కీ గెంతే పిల్లలాగ. నెలరోజులు ఇంట్లో అదే పాట. ఒక మధ్యాహ్నం వాయిస్తూ వాయిస్తూ ఒకచోట చేతులు తీసేసింది. ఆ సాయంత్రం జ్వరం తగిలింది. తొమ్మిదో రోజున చిటికె లేదు.

ఇంతకంటే వివరంగా చెప్పమని నన్ను అడక్కండి. తొమ్మిది రోజులు. అంతే.

పాట మిగిలిపోయింది. ఆ ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఇద్దరు. రోజూ పొద్దున్నే మామయ్య భార్య పియానో తుడిచి, అరచేత్తో పక్కకి ఒకసారి నెట్టి చూసేది. మనకి అత్తయ్య అవుతుంది కాబట్టి అత్తయ్య అనుకుందాం. పియానో కదిలేది కాదు.

"ఉంది," అనేది అత్తయ్య.

"ఊ," అనేవాడు మామయ్య, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ.

చిటికె గురించి ఆ ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే. ఏడాది పాటు.

ఏడాది తిరిగేసరికి ముందుగది నేల పియానో కింద మూకుడులా గుంటపడింది. కింద కుట్టు వదిన ఇంట్లో దూలం వంగి, తలుపు పట్టేసి, తీయాలంటే భుజంతో గుద్దాల్సి వచ్చేది. ఆవిడ మిషను గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చుంది తప్ప పల్లెత్తు మాట అనలేదు. ఒకరోజు పైనుంచి పెచ్చు ఊడి చిన్నపిల్ల పక్క మీద పడింది. పిల్ల అప్పుడే లేచి వెళ్లింది కాబట్టి సరిపోయింది. అప్పుడు మేడెక్కింది కుట్టు వదిన.

"అన్నయ్యా, అడగడానికి నాకు నోరు రావడంలేదు. కానీ నాకూ ఇద్దరున్నారు."

"నువ్వు అడిగేదాకా ఉండటమే నా తప్పమ్మా," అన్నాడు మామయ్య.

మేస్త్రీ వచ్చి దూలం కింద రెండు లావుపాటి కర్రలు ఆనించాడు. ఎనిమిదిమంది మోత మనుషుల్ని పిలిచాడు. ఎనిమిదిమందీ మొహాలు కందగడ్డలయ్యేలా ముక్కారు, పియానో ఒక్క మూల కూడా లేవలేదు.

"రెండు నెలలు ఆగుతాయి ఈ కర్రలు," అన్నాడు మేస్త్రీ. "ఈలోపు పాట దింపించండి. దిగకపోతే నేను గొడ్డలి తెస్తాను. ఉన్నచోటే ముక్కలు కొట్టి కిందకి దించుదాం. నన్ను తిట్టుకోవద్దు మాస్టారూ. కింద పసిపిల్లలున్నారు."

పియానో పాఠాలు చెప్పే టీచరమ్మ నేను దించుతానంటూ వచ్చింది. రోజూ ఆ వీధిలో నడుస్తూ పాట విన్న మనిషే. చిటికె ఆపినచోటుదాకా చక్కగా వాయించి, అక్కడ ఊపిరి కూడా తీసుకోకుండా పది వేళ్లతో పిడుగులు పడ్డట్టు తన సొంత ముగింపు ఒకటి తగిలించింది. కిందనుంచి కుట్టు వదిన కేక వినబడింది: "దూలం ఇంకో వేలెడు దిగింది! ఆపమనండి బాబూ!"

టీచరమ్మ చేతిసంచి తీసుకుంది. "మీ అమ్మాయికి నా ముగింపు నచ్చినట్టు లేదు," అంది చిన్నబుచ్చుకుని.

"రోజూ విన్నది మీరు. మీరే వాయించరాదూ?" అన్నాడు మేస్త్రీ, మామయ్యతో.

మామయ్య తల అడ్డంగా ఊపాడు. పాట ఆయనకి రాక కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కానీ పాట దిగిపోతే? పొద్దున్నే అత్తయ్య చెయ్యి వేస్తే పియానో కదులుతుంది. అప్పుడు ఆ ఇంట్లో చిటికెది అని చెప్పుకోవడానికి మిగిలేదేమిటి? గొడ్డలి రాకూడదు, పాట దిగకూడదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుంది ఆయన పని. రెండూ దక్కవని తెలిసినా మనసు వినదు కదా.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అత్తయ్య కొట్టుకి వచ్చింది. పెళ్లయ్యాక ఎన్నడూ ఆ గడప తొక్కని మనిషి. బల్లకి ఇవతల, కొనేవాళ్లు నిలబడేచోట నిలబడింది.

"ఇలా వచ్చావేం?" అన్నాడు మామయ్య కంగారుగా.

"కీబోర్డు కావాలండీ. ఇంట్లో నేర్చుకోవడానికి."

"ఎవరికి?"

"నాకే."

యజమాని సంబరంగా ముందుకొచ్చాడు. "సరైన చోటికే వచ్చారమ్మా! మీ ఆయన చెయ్యి పడిందంటే తిరుగులేదు."

"అందుకే వచ్చాను," అంది అత్తయ్య.

ఆ పాట ఆవిడే దించడానికని మామయ్యకి అర్థమైంది. వెనకగది చివర ఎలాంటిది ఉందో ఆయనకి తెలుసు. ఎనభై ఎనిమిది మెట్లు. ఒక్కో మెట్టూ పియానో మెట్టంత బరువు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. దాని మీద నేర్చుకున్న చెయ్యి తిన్నగా వెళ్లి పియానో మీద కూర్చుంటుంది. అత్తయ్య మొండి మనిషి, రెండు నెలలు చాలు. ఆయన చెయ్యి అటు వెళ్లింది. వెళ్లి, ఆగింది. ఆగి, పక్క బల్ల మీదికి తిరిగింది.

అక్కడ ఉన్నది అరవై ఒక్క మెట్ల బొమ్మ. మెట్లు సీసా మూతల్లా టకటకలాడతాయి. ఎంత మెల్లగా నొక్కినా, ఎంత గట్టిగా నొక్కినా ఒకటే గొంతు. 'దీన్ని బొమ్మల కొట్టుకి పంపేయండి' అని వారం కిందట ఆయనే అన్నాడు.

"ఇది చాలు నీకు," అన్నాడు. "మొదట నేర్చుకునేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది."

"అన్ని మెట్లూ ఉన్నాయా ఇందులో?"

"ఇంట్లో వాయించుకోవడానికి అన్నెందుకు?"

యజమాని నోరు తెరిచి, మామయ్య మొహం చూసి, మూసేశాడు. అత్తయ్య ఒక మెట్టు నొక్కి చూసింది. తర్వాత భర్త కళ్లలోకి చూసింది, చాలాసేపు. "సరే. మీరు చెప్పాక ఇంకేముంది," అంది.

భోజనాల బల్ల మీద పెట్టుకుంది దాన్ని. మధ్యాహ్నం మామయ్య ఇంటికొచ్చేసరికి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయిస్తుండేది. బయటికి పాట వినబడేది కాదు, మెట్ల టకటక ఒక్కటే. అయినా ఆయనకి ఆ టకటకలోనే పాట తెలిసిపోయేది. రెండోరోజు తప్పులు. అయిదోరోజు తక్కువ తప్పులు. పదోరోజు కుడిచెయ్యి దారిలో పడింది.

పద్దెనిమిదోరోజు మామయ్య గుమ్మంలో ఆగిపోయాడు.

ఎడమచెయ్యి అడుగు మెట్ల వైపు నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ మెట్లు అయిపోయాయి. చెయ్యి ఆగలేదు. కీబోర్డు దాటి బల్ల చెక్క మీదికి వెళ్లింది. అక్కడ వట్టి చెక్క మీద, మెట్లు ఉండాల్సిన చోట, వేళ్లు ఒక్కొక్కటే నొక్కి, మళ్లీ వెనక్కి వచ్చాయి. ఆయన దగ్గరికెళ్లి చూశాడు. చెక్క మీద నాలుగుచోట్ల పాలిషు పోయింది. ఆ నాలుగు మచ్చల మధ్య ఎడం ఆయన కంటితోనే కొలిచాడు. పియానో మెట్లకీ వాటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

ఆయన ఆరోజు తినలేదు. కొట్టుకి వెళ్లి, ఎనభై ఎనిమిది మెట్ల దాన్ని తోపుడుబండి మీద పెట్టుకుని, ఎవర్నీ సాయం అడగకుండా తనే తోసుకుంటూ వచ్చి, మేడ మీదికి ఎక్కించాడు.

"ఇదేమిటండీ?"

"అది మంచిది కాదు." ఆయన బల్ల మీది బొమ్మని చూపించాడు. "నీకు చెడ్డది ఇచ్చాను. తెలిసే ఇచ్చాను."

"తెలుసు," అంది అత్తయ్య.

"తెలుసా?"

"ముప్పై ఏళ్లుగా అన్నం తింటూ మీరు చెప్పేది వింటూనే ఉన్నాను కదండీ. మెట్లకి బరువుండాలి, మెల్లగా నొక్కితే మెల్లగా పలకాలి అని. నాకు చెవులు లేవనుకున్నారా? వేలు పెట్టగానే తెలిసింది, బొమ్మ అని."

"మరెందుకు తీసుకున్నావు?"

"మీకు ఇష్టం లేదని తెలిసింది. నాకూ అంత తొందరేం లేదనిపించింది."

మామయ్య అక్కడే నేలమీద కూర్చున్నాడు. ఆవిడా పక్కన కూర్చుంది. బల్ల మీద ఒకటి, బల్ల కింద ఒకటి, రెండు కీబోర్డులూ వాళ్లని చూస్తున్నట్టు ఉన్నాయి.

"మీకొకటి చెప్పలేదు నేను," అంది అత్తయ్య. "ఆ రోజు చిటికెని పీట మీంచి లేపింది నేనే. భోజనానికి పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి కసిరాను. 'చల్లారిపోతోంది, ఆపి రావే' అన్నాను. ఆపి వచ్చింది. వచ్చి తిని, తలనొప్పిగా ఉందని పడుకుంది. మళ్లీ ఆ పీట మీద కూర్చోలేదు."

అత్తయ్య బల్ల మీది బొమ్మ కేసి చూస్తూ మళ్లీ అంది.

"నేను పిలవకపోతే ముగించేది కదా. ఇంకో రెండు నిమిషాలు. ఏం, చల్లారితే ఏమైంది? నేను ఆపిన పాట నేనే దించాలండీ. గొడ్డలి చేతికి మాత్రం ఇవ్వను."

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మామయ్య కొట్టుకి తిరిగి వెళ్లడం మానేశాడు. అత్తయ్య పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. మణికట్టు కింద తన చెయ్యి పెట్టి, "బిగపట్టకు, వదులుగా," అనేవాడు. మరిచిపోయినచోట గొంతెత్తి కూనిరాగం తీసేవాడు. పాట కంటే మాటలే ఎక్కువయ్యేవి కొన్నాళ్లు.

"ఇక్కడికి వచ్చేసరికి ముక్కు గోక్కునేది," అనేవాడు ఆయన.

"ముక్కు కాదు. మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకునేది. చేతులు ఖాళీ లేక."

"ఇక్కడ తప్పు పోయేది."

"తప్పు కాదు, కావాలనే. మీరు వింటున్నారా లేదా అని చూసేది."

ఆయన నవ్వాడు. నవ్వి, మొహం అటు తిప్పుకున్నాడు. ఏడాది తర్వాత ఆ ఇంట్లో చిటికె గురించి మాట్లాడుకుంటున్నారు, జుట్టు గురించి, మోచేతుల గురించి.

మేస్త్రీ గొడ్డలి తెస్తానన్న రోజు దగ్గరపడింది. ముందురోజు మధ్యాహ్నం అత్తయ్య చేతులు కడుక్కుని, పమిట చెంగుతో తుడుచుకుని, పియానో ముందు కూర్చుంది. మూత ఎత్తింది. మామయ్య పక్కన నిలబడ్డాడు. కింద కుట్టుమిషను ఆగింది.

వాయించింది. గొప్పగా వాయించిందని చెప్పను. ఒకచోట వేలు తడబడింది, ఇంకోచోట నెమ్మదించింది. కానీ ఎడమచెయ్యి నడిచింది, కుడిచెయ్యి దాని ముందుకీ వెనక్కీ గెంతింది. చిటికె చేతులు తీసేసిన చోటుకి వచ్చారు ఇద్దరూ. అత్తయ్య చివరి మెట్లు మూడూ నొక్కింది.

"నాకు ఇక్కడిదాకే వచ్చు," అంది, వేళ్లు అలాగే ఉంచి. "తర్వాతేమిటండీ?"

తర్వాతేమిటో ఆయనకీ తెలీదు. ఎన్ని రోజులు ఆలోచించినా ఒక్క స్వరం తట్టలేదు. అత్తయ్య వేళ్లు వదులవుతున్నాయి. అప్పుడు ఆయన చెవికి ఏదో తగిలింది.

"వేళ్లు ఎత్తకు."

"ఏం?"

"ఎత్తకు. అలాగే నొక్కిపెట్టి ఉంచు. విను."

ఆ మూడు మెట్ల మోత ఇంకా ఉంది. మెట్టు వదలనంతసేపూ పియానోలో తీగ మోగుతూనే ఉంటుంది కదా, తనంతట తను ఆగేదాకా. చిటికె మూడో పిలుపు వినగానే చేతులు తీసేసింది. టీచరమ్మ ఊపిరి తీసుకోకుండా పిడుగులు కురిపించింది. ఆ చివరి మోతని చివరిదాకా విన్నవాళ్లు లేరు. ఇప్పుడది గదిలో నెమ్మదిగా సన్నబడుతోంది. మనకి చెయ్యూపి వీధి చివరిదాకా నడిచి వెళ్లే మనిషి చిన్నగా, ఇంకా చిన్నగా అవుతున్నట్టు. ఇద్దరూ ముందుకి వంగారు. ఇంకా ఉంది. ఇంకా ఉంది. కాసేపటికి, అది ఉందో, ఉందని తాము అనుకుంటున్నారో ఇద్దరికీ తెలియలేదు.

దాని తర్వాత వినాలనిపించేది ఏమీ లేదు. ఒక్క స్వరం కూడా.

"ఇంతే," అన్నాడు మామయ్య. "పాట ఇంతే. నువ్వు సగంలో లేపలేదు. అది ముగించే వచ్చింది నీ దగ్గరికి. చేతులు కాస్త ముందుగా తీసింది, అంతే. ఆకలేసి ఉంటుంది."

అత్తయ్య వేళ్లు ఎత్తింది.

నేల కిర్రుమంది. కింద ధబ్బుమని ఏదో పడింది, వెంటనే ఇంకోటి. "అన్నయ్యా! కర్రలు రెండూ పడిపోయాయి! దూలం లేచిపోయింది! ఏం చేశారక్కడ?" కుట్టు వదిన అరిచింది. ఆవిడకి అర్థమైందేమో, మళ్లీ అడగలేదు. ఆ సాయంత్రం దాకా మిషను మోత కూడా వినిపించలేదు.

మామయ్య వంగి పియానో మూల కింద చెయ్యి పెట్టాడు. ఎత్తాడు. లేచింది. ఎనిమిదిమంది కదపలేనిది, ఆయన ఒంటిచేతికి వచ్చింది. చంకనెత్తుకున్న పిల్లంత బరువు కూడా లేదు. దాన్ని అలా పట్టుకునే ఉండిపోయాడు. మొహమంతా తడిసిపోయింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"దించండి," అంది అత్తయ్య మెల్లగా.

ఆయన వినలేదు.

"దించండి. చెయ్యి లాగుతుంది."

దించాడు.

మర్నాడు మేస్త్రీ గోనెసంచిలో గొడ్డలి చుట్టుకుని వచ్చి, నేల చూసి, దూలం చూసి, మంచినీళ్లు అడిగి తాగి, సంచి విప్పకుండానే వెళ్లిపోయాడు. ఆ పియానోని అమ్మలేదు. ఆ పాట మళ్లీ వాయించనూ లేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తాను. చిటికె పోయాక అత్తయ్య ఎవర్నీ భోజనానికి పిలిచేది కాదు. పళ్లేలు పెట్టి ఊరుకునేది, మామయ్య ఎప్పుడు చూస్తే అప్పుడు వచ్చి తినేవాడు. ఎందుకో ఆయనెప్పుడూ అడగలేదు. పాట దిగిన సాయంత్రం ఆయన కిటికీ దగ్గర ఖాళీ చేతులతో కూర్చుని ఉంటే వంటగదిలోంచి కేక వినబడింది.

"ఏమండీ! చల్లారిపోతోంది, రండి!"

ఆయన లేచి వెళ్లాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఎంత తిన్నారని మాత్రం నన్ను అడక్కండి.

సరే, లేవండి. చెప్పులు తారుమారు చేసుకోకండి. ఏరా, కళ్లు తుడుచుకో, దారి కనబడాలిగా. అదుగో, అటువైపు నుంచి ఎవరి అమ్మో పిలుస్తోంది, వినండి. నీ అమ్మేనా? పరిగెత్తు. మిగతావాళ్లూ వెళ్లండి. వెళ్లి తినండి.